డెప్యుటేషన్ మీద చప్పట్లు

నిరుడు కోటవీడు స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా, పొరుగూరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నెత్తి మీదికి ఎవరో సగం తిన్న జామకాయ విసిరారట. జామకాయ బాగా పండినదే. దెబ్బా తగల్లేదు. ఆ పెద్దమనిషి మిగిలిన సగం తుడుచుకుని తినేశాడని కూడా అంటారు. కానీ సంగతి పేపర్లో పడింది. పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఊరుకుంటుందా? 'అతిథి అభిమానుల రక్షణ మండలి' అని ఒకటి పుట్టింది. దానికో ఆఫీసు, ఆఫీసుకో బోర్డు, బోర్డుకో లైటు, ఆ లైటు కింద ప్రత్యేక అధికారి వాచస్పతి గారు.

వాచస్పతి గారు మంచివాడు. జామకాయ అంటే ఆయనకు ఎంత భయమో, అభిమానులంటే అంత ప్రేమ. ఆయన చేసిన రూలు ఏమంటే, బయటి ఊరినుంచి ఆట చూడవచ్చేవాళ్ళు ఎందరో ముందే చెప్పాలి. వాళ్ళకు వేరే గేటు, వేరే స్టాండు, వేరే మంచినీళ్ళు. ఎందరొస్తామన్నారో అందరూ విజిల్ వెయ్యక ముందే కుర్చీల్లో కనపడాలి. ఒక్కడు తగ్గినా ఆ జట్టు ఓడినట్టే. ఎందుకంటే, రాని అభిమాని మారువేషంలో ఎక్కడ తిరుగుతున్నాడో తెలీదు. ఎక్కడున్నాడో తెలియనివాడికి రక్షణ ఇచ్చేదెట్లా?

ఈ రూలు పుట్టిన ఏడాదే మా బూరుగుకుంట ఆడపిల్లల జట్టు జిల్లా ఫైనలుకు వచ్చింది. ఆట కోటవీడుతో, కోటవీడులోనే. మా గోల్‌కీపరు నా మనవరాలు భ్రమర. ఆ పిల్ల చేతికి అందని బంతి లేదు. ఒకసారి మిద్దె మీదినుంచి పోతున్న పిచ్చుకను ఎగిరి పట్టి, బంతి కాదని తెలుసుకుని, దాని రెక్కలు సవరించి వదిలేసింది. నమ్మకుంటే పిచ్చుకనే అడగండి.

కానీ దాని నాయన, అంటే నా కొడుకు, ఈ ఆటలన్నీ ఎందుకంటాడు. "ఫైనలు గెలిస్తే రాష్ట్రం పోటీలకు పోవచ్చు. ఓడితే మాత్రం బంతి అటక మీదికి, నువ్వు కుట్టుమిషను మీదికి" అని తేల్చేశాడు. వాడు మాటంటే మాటే. ఆ గుణం వాళ్ళమ్మది. అందుకని ఆ పిల్ల వారం రోజులుగా అన్నం కూడా గోల్‌పోస్టు ముందే తింటోంది.

మండలి వాళ్ళు మా సర్పంచి నాగప్పకు ఫోన్ చేశారు. "తమ గ్రామం నుంచి ఎందరు అతిథి అభిమానులు విచ్చేయుచున్నారు?"

మా ఊళ్ళో ఎవరైనా పిలిస్తే రామని చెప్పడం లేదు. పెండ్లికి పిలిచినా, కొత్త బోరు పూజకు పిలిచినా, "రాకుండా ఉంటామా, ఊరు ఊరంతా దిగుతాం" అంటాం. పిలిచినవాడు సంతోషపడతాడు. పోకపోయినా ఏమీ అనుకోడు, వాడూ మా పక్కవాడే కాబట్టి. నాగప్ప ఆ మర్యాదే చేశాడు. "ఊరు ఊరంతా దిగుతాం సార్!" అన్నాడు. అవతలివాళ్ళకు ఈ మర్యాద తెలియదు. జనాభా లెక్కల పుస్తకం తీశారు. బూరుగుకుంట, మూడు వేలు. రాసుకున్నారు.

సరిగ్గా ముందురోజు వాన పడింది. నేల మెత్తబడింది, వేరుశెనగ చెట్లు పీకే అదను దొరికింది. ఊరు ఊరంతా చేలల్లోకి దిగింది. దిగనిది ఇద్దరమే, నేనూ, నా బావమరిది ఓబులేసూ. మమ్మల్ని ఎవరూ పనికి పిలవరు. మేం పీకే చెట్లకంటే మాటలు ఎక్కువ, మా చుట్టూ చేరి మిగతావాళ్ళూ పీకడం మానేస్తారు. కాబట్టి ఇద్దరం పచ్చ తువ్వాళ్ళు మెడలో వేసుకుని, ఉడకేసిన శెనక్కాయలు ఒక సంచిలో పోసుకుని బస్సెక్కాం. పచ్చ మా జట్టు రంగు. కోటవీడుది ఎరుపు.

స్టేడియం దగ్గర దిగేసరికి ఓబులేసు నోరు తెరిచాడు. రోడ్డుకు ఇరుపక్కలా సర్వి కట్టెల కంచె. కంచె వెంబడి పోలీసులు. నీళ్ళ డ్రమ్ములు, పెరుగన్నం పొట్లాల గుట్టలు, అంబులెన్సు, మంటలార్పే బండి. షామియానా నీడలో మూడు వేల కుర్చీలు, పైన ఫ్యాన్లు. గేటు మీద 'బూరుగుకుంట మహాజనులకు స్వాగతం' అని బ్యానరు. దాని కింద బ్యాండుమేళం.

"ఏంది బావా, మంత్రి గాని వస్తాండాడా?"

"మనమే వస్తాండాం, నడువు."

మమ్మల్ని చూడగానే బ్యాండు మొదలైంది. వాచస్పతి గారు ఎదురొచ్చారు. బంగారు కళ్ళజోడు, మెడలో మూడు గుర్తింపు కార్డులు. "విచ్చేసిన అతిథి అభిమానులకు మండలి తరఫున హృదయపూర్వక స్వాగతం. తమరి రక్షణయే మా పరమావధి. దయచేసి చేతులు పైకెత్తండి."

ఎత్తాం. సి.ఐ. గురవయ్య తడిమి చూసి సంచి పట్టుకున్నాడు. "ఇవేంటి?"

"శెనక్కాయలు సార్."

"విసిరే స్వభావం గల వస్తువు," అన్నారు వాచస్పతి గారు కళ్ళజోడు సవరించుకుంటూ.

"తినే స్వభావం గలవి సార్," అన్నాను.

"తినుటకు పూర్వము వాటి స్వభావం ఏమి అన్నదే ఇచట ప్రశ్న."

లోపలికి తీసుకుపోవాలంటే ఒకటే దారి, కడుపులో పెట్టుకుని పోవడం. గేటు దగ్గరే కూర్చుని తిన్నాం. గురవయ్య కూడా ఆధారాలు మాయం చెయ్యడంలో మాకు బాగా సాయం చేశాడు.

తిన్నాక వాచస్పతి గారు రోడ్డు వైపు చూశారు. "మిగతా వారు ఎంత దూరంలో ఉన్నారు?"

"చేలల్లో ఉన్నారు సార్."

"ఏ చేలల్లో?"

"ఎవరి చేలల్లో వాళ్ళు."

వాచస్పతి గారి ముఖం వెలవెలబోయింది. బ్యాండు వాళ్ళకు సైగ చేశారు, సన్నాయి సగంలో ఆగిపోయింది. ఆయన గొంతు తగ్గించి అన్నారు, "పెద్దాయనా, తమరిద్దరు వచ్చారు. రెండువేల తొమ్మిది వందల చిల్లర మారువేషంలో ఉన్నట్టు భావించవలసి వస్తోంది. నిబంధన ప్రకారం తమ జట్టు ఓడిపోయినట్టు ప్రకటించుట తప్ప నాకు మార్గాంతరం లేదు."

 గేటు సందులోంచి చూస్తే మైదానంలో భ్రమర చేతులకు గ్లవుసు తొడుక్కుంటోంది. బంతిని ముద్దు పెట్టుకుని ఎగరేసి పట్టుకుంటోంది. నేను పోయి ఆ పిల్లకు ఏం చెప్పాలి? నువ్వు ఓడావు తల్లీ, ఊళ్ళోవాళ్ళు శెనగచెట్లు పీకుతాండారు గనక, అనా?

"సార్, ఇదేం న్యాయం? ఆడేది పదకొండు మందే గదా, వాళ్ళంతా వచ్చినారు!"

"ఆటగాళ్ళు మా పరిధిలోకి రారు."

అప్పుడు ఓబులేసు తల గోక్కుంటూ అన్నాడు, "సార్, నాకు తెలీక అడుగుతా. మా ఊరి బడి పంతులు పేరు మా ఊళ్ళోనే ఉంది. మనిషి మూడేండ్లుగా మీ కోటవీడులో ఉన్నాడు. మా పిల్లకాయలకు ఎక్కాలు చెప్పేది పశువుల డాక్టరు. దాన్ని ఏమంటారు సార్?"

"డెప్యుటేషన్," అన్నారు వాచస్పతి గారు అలవాటు కొద్దీ. అని, ఆగిపోయారు. ఆయన కళ్ళజోడు వెనకాల ఏదో వెలిగింది. ఆఫీసు బోర్డు లైటు కూడా అంత వెలుగు ఇచ్చి ఉండదు. ఓబులేసు రెండు చేతులూ పట్టుకుని ఊపారు. "తమరు ఎక్కడ చదివారు?"

"నాలుగో తరగతిలో ఆపేసినా సార్."

"అందుకే ఇంకా ఆలోచించగలుగుతున్నారు."

కాసేపటికి మైకులో ప్రకటన మొదలైంది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఆతిథ్య అభిమానుల నుండి తగినంత మందిని, పాలనా సౌలభ్యం దృష్ట్యా, అతిథి అభిమానులుగా డెప్యుటేషన్‌పై నియమించడమైనది. కావున కోటవీడు వాసులు తక్షణమే బూరుగుకుంట వాసులుగా రిపోర్టు చేయవలెను."

కోటవీడు జనం మొదట కొట్లాటకు దిగారు. వాళ్ళ స్టాండు ఎండలో ఉంది, సిమెంటు మెట్లు పెనంలాగా కాలుతున్నాయి. ఐనా పౌరుషం పౌరుషమే గదా. అందరికంటే ముందు లేచింది కామేశ్వరమ్మ గారని ఒక పెద్దావిడ. ఆమె వాచస్పతి గారికి స్వయానా అత్తగారు.

"నేను కోటవీడులో పుట్టాను, కోటవీడులో పెరిగాను, కోటవీడు మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు తాగి ఇంకా బతికే ఉన్నాను. నన్ను పట్టుకుని బూరుగుకుంట అంటావటయ్యా?"

"అత్తయ్యగారూ, అతిథి స్టాండులో ఫ్యానుంది."

కామేశ్వరమ్మ గారు కొంగుతో మెడ తుడుచుకున్నారు. "బూరుగుకుంట వాళ్ళు ఎటుపక్క కూర్చోవాలి?"

"పెరుగన్నం కూడా ఉందంట!" అని ఎవరో అరిచారు. అంతే, ఇంకెవరినీ బతిమాలే పని లేకపోయింది.

కానీ మండలి అంత తేలిగ్గా ఎవరినీ చేర్చుకోదు. డెప్యుటేషన్ మీద వచ్చేవాడికి శిక్షణ ఉండాలి, పరీక్ష ఉండాలి. బూరుగుకుంట గురించి తెలిసినవాళ్ళం మేమిద్దరమే కాబట్టి నన్ను పరీక్షాధికారిని చేసి కుర్చీ వేశారు. ఒక్కొక్కరే వచ్చి నిలబడతారు.

"మీదే ఊరు?"

"బూరుగుకుంట."

"వాన పడిందా?"

"పడింది తాతా, నిన్ననే."

"తప్పు. పోయి వరుసలో చివర నిలబడు. బూరుగుకుంట రైతు ఎన్నడైనా వాన పడిందని ఒప్పుకున్నాడా? పడలేదు, పడినా చాల్లేదు, చాలినా అదను తప్పి పడింది, అనాలి."

ఆ మధ్యాహ్నం నేను చేసినంత మందిని రైతుల్ని ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. వకీళ్ళు, బంగారం కొట్ల వాళ్ళు, బ్యాంకు మేనేజరు, ఒక తహసీల్దారు, అందరూ మండలి ఇచ్చిన పచ్చ తువ్వాళ్ళు కప్పుకుని, ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తూ లోపలికి పోయారు. జనం చాలక టిక్కెట్లు చింపేవాణ్ణి, ఐసు బండివాణ్ణి, అంబులెన్సు డ్రైవరును, చివరికి బ్యాండుమేళాన్ని కూడా రైతుల్ని చేశాం. అతిథి స్టాండు నిండింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంక విజిల్ వెయ్యడమే అనుకుంటుండగా గురవయ్య పరుగెత్తుకొచ్చాడు. "సార్, అవతల స్టాండులో ఒక్కడూ లేడు!"

చూస్తే నిజమే. ఎండలో ఖాళీ మెట్లు, ఒక కాకి.

వాచస్పతి గారు నిబంధనల పుస్తకం తిప్పి నీరుగారిపోయారు. "ఆతిథ్య అభిమానులు లేనిచోట అతిథి అభిమానులకు ప్రమాదం లేదు. ప్రమాదం లేనిచోట రక్షణ లేదు. రక్షణ లేని మ్యాచ్ చెల్లదు. కనీసం ఇద్దరైనా ఉండితీరాలి. ఒక్కడే అయితే ఎవరితో కలిసి అల్లరి చేస్తాడు?"

"ఓ ఇద్దర్ని వెనక్కి పంపండి సార్."

"డెప్యుటేషన్ రద్దు చేయు అధికారం నాకు లేదు. అది పైనుంచి రావాలి. రావడానికి ఏడాది పడుతుంది." ఆయన పచ్చ తువ్వాళ్ళ సముద్రాన్ని ఒకసారి చూసి, మళ్ళీ మా ఇద్దర్నీ చూశారు. "ఈ స్టేడియం మొత్తంలో డెప్యుటేషన్ మీద లేనివారు తమరిద్దరే."

నాకు విషయం అర్థమైంది. ఓబులేసుకు ఇంకా కాలేదు. "అయితే?" అన్నాడు.

"తమరిని కోటవీడు అభిమానులుగా నియమిస్తున్నాను."

"సార్, ఆడేది నా మనవరాలు!" అన్నాను. "నేనొచ్చిందే ఆ పిల్లకోసం. మా ఊరినుంచి వచ్చిన అసలు మనుషులం మేమిద్దరమే!"

"తమరు చూడవచ్చు. సంతోషించరాదు."

"లోలోపల?"

"లోలోపల అన్నది మా పరిధిలోకి రాదు. ముఖం వస్తుంది."

గురవయ్య ఇంకో మాట చేర్చాడు. "తాతా, జాగర్త. కోటవీడు స్టాండులో కూర్చుని బూరుగుకుంట కోసం ఒక్కసారి చప్పట్లు కొట్టినా, మారువేషపు అతిథి దొరికినట్టే. మీ జట్టు అక్కడికక్కడ ఓడినట్టు."

మా తువ్వాళ్ళు తీసుకుని ఎర్రవి కప్పారు. మేం ఖాళీ చేసిన రెండు కుర్చీల్లో ఒకదాంట్లో వాచస్పతి గారి జీపు డ్రైవరును కూర్చోబెట్టారు. రెండోదానికి ఎవరూ మిగల్లేదు. మ్యాచ్ ఆగకూడదన్న ఒకే ఒక్క ఆశయంతో వాచస్పతి గారు గుర్తింపు కార్డుల మీదుగా పచ్చ తువ్వాలు కప్పుకుని, అత్తగారి పక్కన కూర్చున్నారు.

విజిల్ పడింది.

ఎర్ర జట్టు కెప్టెన్ జరీనా అనే సన్నటి పిల్ల. మైదానంలోకి వస్తూ తమ స్టాండు వైపు చూసి ఆగిపోయింది. సొంత ఊళ్ళో ఆట, సొంత స్టాండు, ఇద్దరు ముసలాళ్ళు, ఒక కాకి. ఎదురుగా షామియానా కింద వాళ్ళమ్మా నాన్నా కూడా పచ్చ తువ్వాళ్ళు ఊపుతూ కనిపిస్తున్నారు. ఆ పిల్ల గుండె చిక్కబట్టుకుని, మా ఇద్దరికీ చెయ్యెత్తి సలాం చేసింది. ఓబులేసు తిరిగి సలాం చెయ్యబోయి, నా వైపు చూశాడు.

"చెయ్యి. మనం వాళ్ళవాళ్ళమే," అన్నాను.

మొదట్లో ఆ డెప్యుటేషన్ జనం ఊరికే మొక్కుబడిగా చప్పట్లు కొట్టారు. కానీ పెరుగన్నం రెండో పొట్లం విప్పాక లోపల ఏం జరిగిందో ఏమో, మా పిల్లల దగ్గరికి బంతి రాగానే కామేశ్వరమ్మ గారు కుర్చీ మీదికెక్కి నిలబడ్డారు. "లాగవే తల్లీ! లాగు! ఆ కోటవీడు దాని కాళ్ళ సందులోంచి లాగు!" వకీళ్ళు ఈలలు వేశారు. తహసీల్దారు చొక్కా విప్పి తిప్పాడు. మూడు వేల మంది కలిసి "బూరుగుకుంటా!" అని అరుస్తుంటే, మా ఊరి పేరు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. వాచస్పతి గారు కూడా అరుస్తున్నారు, కాకపోతే ఆయన అరుపు మెల్లగా, నియమబద్ధంగా ఉంది.

రెండో సగంలో మా సర్పంచి చెల్లెలి కూతురు గోలు కొట్టేసింది. షామియానా పైకి లేచింది. మేమిద్దరం ఏడుపుముఖం పెట్టుకుని కూర్చున్నాం. ఓబులేసుకు ముఖం నిలవక, తన తొడ గిచ్చుకోబోయి నా తొడ గిచ్చేశాడు. నాకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. గురవయ్య దూరం నుంచి మెచ్చుకోలుగా తల ఊపాడు.

సగం మారింది గనక ఇప్పుడు భ్రమర మా ముందరి గోలుకు వచ్చింది. బంతి అవతల ఉన్నప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా మెడలో ఎర్ర తువ్వాలు చూసింది.

"తాతా?"

నేను ఆకాశం వైపు చూశాను.

"తాతా, నిన్నే! ఆ తువ్వాలేంది? పొద్దున ఇంట్లోంచి ఏమని బయల్దేరినావు?"

"ఈ పెద్దాయనకు చెవుడమ్మా," అన్నాడు ఓబులేసు. "మేం కోటవీడు వాళ్ళం."

ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. బంతి వస్తే తిరిగింది. ఆ తరవాత ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆట ఇంక అయిపోవస్తుండగా మా పిల్ల ఒకతి పెనాల్టీ చోట్లో జరీనాను తోసింది. విజిల్. పెనాల్టీ. స్కోరు సమమైతే ఆతిథ్య జట్టే గెలిచినట్టని కూడా మండలి వాళ్ళే రాసిపెట్టారు. కాబట్టి ఆ ఒక్క బంతి లోపలికి పోతే మావాళ్ళు ఓడినట్టు. ఆపితే గెలిచినట్టు. భ్రమర పోస్టుల మధ్య నిలబడింది. గ్లవుసు చేతులు రెండూ చరుచుకుని బారచాపింది.

మైకులో గురవయ్య గొంతు ఖంగుమంది. "పెనాల్టీ వేళ అతిథి అభిమానులు నిశ్శబ్దం పాటించాలి! ఆతిథ్య అభిమానులు మాత్రమే ప్రోత్సహించవచ్చు!"

మూడు వేల నోళ్ళు మూతపడ్డాయి. అంత పెద్ద స్టేడియంలో నోరు తెరిచే హక్కు మిగిలింది ఇద్దరికే. జరీనా బంతి పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయింది. చెయ్యి నుదుట పెట్టుకుని మా వైపు చూసింది. ఈ రోజంతా ఆ పిల్ల కోసం ఒక్కరూ అరవలేదు.

"బావా," ఓబులేసు నా చెవిలో అన్నాడు, "ఆ పిల్ల మన దిక్కే చూస్తాంది. గురవయ్య కూడా మన దిక్కే చూస్తాండాడు. ఏమన్నా అనాల. అనకుంటే దొరికిపోతాం."

లేచి నిలబడ్డాను. మా చేను అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచే గొంతుతో అరిచాను. "జరీనమ్మా! నీ కుడిపక్కకు కొట్టు తల్లీ! కుడిపక్కకే! కోటవీడు నీ వెనక ఉంది!"

ఆ మాట ఎంత అబద్ధమో స్టేడియం మొత్తానికీ కనపడుతోంది. కానీ ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. తనకంటూ ఒక గొంతు దొరికింది పాపం. పరుగెత్తుకొచ్చి, నేను చెప్పినట్టే, తన కుడిపక్కకు బలంగా కొట్టింది.

భ్రమరకు నా గొంతు పుట్టినప్పటినుంచీ తెలుసు. బంతి కదలక ముందే అటు దూకేసింది. పొడుగు చేతులు చాచి, బంతిని రొమ్ముకు అదుముకుని మట్టిలో దొర్లి, ఇంక లేవలేదు. ఆఖరి విజిల్ వేశాకే లేచింది.

షామియానా కూలిపోయింది. నిజంగానే కూలిపోయింది, గుంజలు పట్టుకుని ఎగిరితే ఆగుతుందా మరి. కింద పడ్డ గుడ్డలోంచి మూడు వేల తలకాయలు "బూరుగుకుంటా!" అంటూ పైకి వచ్చాయి. నేను ఎర్ర తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. నా జన్మలో అంత కష్టపడి ఎన్నడూ ఏడవలేదు.

ఆట ముగిసినా మండలి పని ముగియదు. రూలు ప్రకారం ఆతిథ్య అభిమానులు ముందు వెళ్ళిపోవాలి. అంతవరకు అతిథి అభిమానుల్ని తాళం వేసి ఉంచాలి. కాబట్టి మూడు వేల మంది కంచె లోపల నిలబడి, మేమిద్దరం నడుచుకుంటూ బయటికి పోయేదాకా చూశారు. ఓబులేసు మధ్యలో ఆగి చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాడు. మళ్ళీ తొడుక్కుని, ఇంకా ఉందనిపించి, మళ్ళీ విప్పాడు. "ఒరే, నడవరా ముసలోడా!" అని బ్యాంకు మేనేజరు కంచెలోంచి అరిచాడు.

మేం గేటు దాటాక బస్సులు వచ్చాయి. వరుసగా, కనుచూపు మేర బస్సులు. గురవయ్య మైకు తీసుకున్నాడు. "అతిథి అభిమానులను పోలీసు బందోబస్తుతో వారి స్వగ్రామమునకు క్షేమంగా చేర్చడం జరుగుతుంది. అందరూ బూరుగుకుంట బస్సులెక్కాలి!"

అప్పుడుగానీ జనానికి తెలిసిరాలేదు. "మా ఇల్లు ఈ సందులోనే సార్!" "నా కొట్టు తెరిచే ఉంది!" "పొయ్యి మీద పప్పు పెట్టొచ్చానయ్యా!" ఎవరి మాటా ఎవరూ వినలేదు. బస్సుకు ఇద్దరు పోలీసులు, నెట్టేది ఒకడు, లెక్కపెట్టేది ఒకడు.

వాచస్పతి గారు కార్డులు ఊపుతూ ముందుకొచ్చారు. "గురవయ్యా, నేను ప్రత్యేక అధికారిని!"

"ఎక్కండి సార్. ఇందాకటినుంచి అందరూ ఏదో ఒకటి చెప్తున్నారు. ఒకాయన తహసీల్దారునంటాడు, ఒకావిడ మీ అత్తగారినంటుంది. మెడలో పచ్చ తువ్వాలుంది గదా? నేను తువ్వాలును బట్టి పోవాలని మీరే రాశారు గదా?"

"అది కేవలం పాలనా సౌలభ్యం..."

"మీ ఊళ్ళో వాన పడిందా?"

"చాల్లేదు," అనేశారు వాచస్పతి గారు అదాటుగా.

"చూశారా," అని గురవయ్య ఆయన్ని మెల్లగా మెట్టు మీదికి నెట్టాడు. "పక్కా బూరుగుకుంట."

కిటికీలోంచి కామేశ్వరమ్మ గారి చెయ్యి వచ్చి ఆయన్ని లోపలికి లాగింది. "రావయ్యా అల్లుడూ, చోటుంచాను. పెళ్ళైన నాటినుంచి ఒక్క ఊరు చూపించింది లేదు నువ్వు."

బస్సులు కదిలిపోయాయి. కోటవీడులో కుక్కలూ, మేమూ మిగిలాం. మమ్మల్ని కూడా ఎక్కించుకోమని గురవయ్యను అడిగాను. "మీరు కోటవీడు వాళ్ళు గదా తాతా, మీ ఇంటికి మీరు పోండి," అని పోలీసు జీపెక్కి బస్సుల వెనకే వెళ్ళాడు.

ఎండ చల్లబడే వేళకు సర్పంచి నాగప్ప ఫోన్ చేశాడు. "మామా, చేలల్లోకి మూడు వేల మంది దిగినారు! మనోళ్ళమనే అంటాండారు. కూలీలు దొరక్క ఏడుస్తాంటిమి, దేవుడు పంపినట్టుంది. అందరికీ సాళ్ళు చూపించినా. ఒక ముసలావిడ మాత్రం మనోళ్ళకంటే బాగా పీకుతాంది. ఒకాయన బంగారు కళ్ళజోడాయన, మంచోడే గానీ, ఒక్కో చెట్టు పీకే ముందర పీకమని ఉత్తర్వు అడుగుతాండాడు. ఏం చెయ్యమంటావు?"

"నోటిమాటగా ఇయ్యి," అన్నాను. "ఇంతకూ వాన ఎట్లుంది?"

"ఏం వాన మామా, అదను తప్పి పడింది."

కప్పు ఇయ్యాల్సిన అధికారి శెనగచేలో ఉన్నాడు. కప్పు ఆయన జీపులో ఉంది. జీపు తాళం డ్రైవరు జేబులో, డ్రైవరు కూడా శెనగచేలోనే. కాబట్టి రెండు జట్ల పిల్లలూ ఎటూ పోలేక మైదానంలోనే కూర్చున్నారు. గేటుకు కాపలా కూడా ఎవరూ లేరు. మేం లోపలికి నడిచాం. ఏ స్టాండులో కూర్చోవాలో చెప్పేవాడు లేక, గోలుకు పక్కన గడ్డిలో కూలబడ్డాం.

జరీనా వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "తాతా, ఈ రోజు మా కోసం అరిచింది మీరొక్కరే."

నేను గడ్డి పీకాను.

"మీరు చెప్పినట్టే కొట్టాను."

ఇంకాస్త గడ్డి పీకాను.

ఆ పిల్ల నా ముఖంలోకి తేరిపార చూసింది. తలతిప్పి అవతల నీళ్ళు తాగుతున్న భ్రమర వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. "ఆ ముక్కు," అంది, "మీ ఇద్దరిదీ ఒకటే ముక్కు."

"అబ్బే, ఆ పిల్ల నాకు ఏమీ..."

"మనవరాలు," అన్నాడు ఓబులేసు.

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా తినాల్సిందే. జరీనా నడుం మీద చేతులేసుకుని కాసేపు పళ్ళు నూరింది. తరవాత వంగి బంతి తీసుకుంది. "పిలువు ఆమెను," అంది. "కప్పు మీదే, తీసుకుపోండి. రాష్ట్రానికి మీరే పోండి. కానీ నాకు ఇంకొక్క బంతి బాకీ ఉన్నారు. నువ్వు మాత్రం నోరు తెరవకు తాతా."

భ్రమరను పిలిచాను. నా దగ్గరికి వచ్చింది, ఎర్ర తువ్వాలు నా మెడలోంచి లాగి, దాంతోనే ముఖం తుడుచుకుని, గ్లవుసు బిగించుకుంటూ పోస్టుల మధ్య నిలబడింది. రెండు జట్ల పిల్లలూ కలిసిపోయి, ఎవరు ఎటువాళ్ళో తెలియకుండా చుట్టూ చేరారు. ఓబులేసు తన చేత్తో నా నోరు మూశాడు. జరీనా నాలుగడుగులు వెనక్కి పోయింది. పరుగెత్తుకొచ్చింది, కొట్టింది.

ఆ బంతి ఎటు పోయిందో నేను చెప్పను. మనవరాలి మర్యాద నాకు ముఖ్యం. కానీ ఓబులేసు చెయ్యి విదిలించుకుని లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాను. ఎవరికోసం కొడుతున్నావని అడిగే అధికారి ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు.